పుట్టీ లేని బండి

పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతాన్ని మంటక్క, కారు వెనక డోరును పట్టి ఉంచే రేకు స్తంభం మీద పెట్టి చెయ్యి తీసేసింది. అది అతుక్కోలేదు. జారి ఆమె చెప్పు మీద పడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది.

"ఒరేయ్ రంగులోడా!"

షెడ్డు అవతలి చివర డబ్బాలో రంగు కలుపుతున్న పెయింటరు పుల్ల తిప్పడం ఆపాడు. ఆ పిలుపు ఇరవై ఏళ్ళుగా వింటున్నాడు. అందులో వేళాకోళం ఎప్పుడుంటుందో, ఎప్పుడుండదో అతనికి తెలుసు. ఇవాళ లేదు.

మంటక్క అసలు పేరు కాగితాల్లో తప్ప ఎక్కడా వినబడదు. గేట్లూ కిటికీ ఊచలూ అతికే భర్త నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్న ఏడాది, ఇల్లు గడవక ఆమె వెల్డింగు నేర్చుకుంది. ఆడమనిషి అతికితే గేటు నిలబడుతుందా అన్న పెద్దమనిషి ఇంటికి గేటు బిగించి, దానికి వేలాడి అటూ ఇటూ ఊగి చూపించి మరీ వచ్చింది. తర్వాత కార్ల షెడ్డులో చేరింది. అక్కడే ఆమెకు పుట్టీ అంటే ఒళ్ళుమంట పట్టుకుంది. తుప్పు తినేసిన చోట రేకు మార్చకుండా పిండిముద్దలాంటి, అయస్కాంతం పట్టని ఆ పుట్టీ కూరి, గరుకు కాగితంతో రుద్ది, పైన రంగేస్తారు. బండి మెరుస్తుంది. రెండు వానలు పడేసరికి పెచ్చులూడుతుంది. యజమానులు చెప్పినట్టల్లా ఆమే ఎన్ని బళ్ళకు అలా పూసిందో లెక్కలేదు. పూసిన ప్రతిసారీ ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి పడేసింది.

అందుకే, పాత ఇనుము కొట్టువాడు అడ్డంగా ఉందని తీసెయ్యమన్న గుండ్రని దీపాల పాత కారును ఆమె, పెయింటరూ కలిసి షెడ్డుకు లాక్కొచ్చిన రోజున ఒక ఒప్పందం పెట్టింది. ఈ ఒక్క బండికైనా చిటికెడు పుట్టీ తగలకూడదు. కుళ్ళిన రేకు కొయ్యాలి, కొత్త రేకు ఆ వంపుకు కొట్టి అతకాలి.

"అయితే నాకేం పనుందక్కా? రంగు కూడా నువ్వే వేసుకో," అని నవ్వాడు పెయింటరు. కానీ ఒప్పుకున్నాడు.

రెండేళ్ళు, ఆదివారాలన్నీ దానికే పోయాయి. మొదటిరోజు సీటు ఎత్తితే కింద నేల రేకు కూడా లేచి వచ్చింది. ఆమె పైపు మీద రేకు వంచి అంచులు కొట్టేది. అతను డోరు వందసార్లు తీసి, వేసి, చప్పుడు వినేవాడు. సాయంత్రం ఇంటికెళ్తే భర్త మంచం మీంచే అడిగేవాడు. "ఆ తుప్పు పట్టిన మొగుడు ఎలా ఉన్నాడు?"

"ఇంట్లో ఉన్నాయన కంటే నయం. సణగడు."

చెల్లెలి ఆపరేషన్‌కు తోడుగా మంటక్క పదిరోజులు ఊరెళ్ళి ఇవాళే తిరిగొచ్చింది. వచ్చేసరికి కారు ముదురు నీలం రంగులో తళతళలాడుతోంది. సంతోషించాల్సింది. వేలితో తట్టింది. వెనక స్తంభం దగ్గర చప్పుడు చచ్చింది. అందుకే అయస్కాంతం తెచ్చి పెట్టి చూసింది.

"ఇదేంట్రా?"

"చిన్న గుంటక్కా. ఎండలో కనబడుతోందని కాస్త పూశా."

"గుంటయితే సుత్తి లేదా? పుట్టీ ముట్టనని నాతో అన్న నోరు ఇదేనా?"

"అక్కడెవరు చూస్తారక్కా?"

 పుట్టీ అరగదీసెయ్యడానికి ఆమె గ్రైండరు అందుకుంది. పెయింటరు ఒక్క అంగలో వెళ్ళి ప్లగ్గు పీకేశాడు.

"పెట్టు."

"పెట్టనక్కా. చెప్పేది విను."

ఆమె గ్రైండరు బల్ల మీద గిరాటేసి ఉలీ సుత్తీ తీసుకుంది. నాలుగు దెబ్బలకు నీలం రంగుతో సహా పుట్టీ పెచ్చులుగా రాలింది. లోపల పాత రేకుకూ కొత్త రేకుకూ మధ్య సందు. గోరు దూరేంత సందు, పైనుంచి కింద దాకా. దాని పక్కనే, వేలెడు దూరంలో, బాగున్న రేకు మీద వెల్డింగు గీత. తిన్నగా, ముద్దగా, ఒక్కచోటా తెగకుండా ఉంది. దేన్నీ దేనితోనూ కలపలేదు.

ముందు ఆమెకు అర్థం కాలేదు. కళ్ళు చికిలించింది. తర్వాత వేలితో తడిమింది. అలాంటి గీత ఆ షెడ్డులో ఒక్కరే వేస్తారు.

"నువ్వు ఊరెళ్ళే ముందురోజు వేసింది," అన్నాడు పెయింటరు నేల చూస్తూ. "హడావిడిలో ఉన్నావు కదా."

"హడావిడిలో నా చెయ్యి వంకరపోదు."

"చెయ్యి వంకరపోలేదక్కా. చూడు, ఎంత తిన్నగా ఉందో."

ఆమె ముఖం మాడిపోయింది. తన చేతిలోని సూదీ దారం కూతురు ఎందుకు లాక్కుని ఎక్కిస్తోందో, రాత్రి బస్సు నంబరు ఎందుకు అలుక్కుపోతోందో, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి.

"ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం ముందు నుంచి. ఎడమ డోరు కింద గీత ఇంకోసారి లాగమన్నాను, గుర్తుందా?"

గుర్తుంది. వీడికి చాదస్తం ఎక్కువైందని తిట్టింది కూడా.

"అంటే నా మీద జాలిపడ్డావన్నమాట."

"జాలి కాదక్కా. చెబితే పని మానేస్తావని భయపడ్డా. నువ్వు లేకుండా ఈ షెడ్డులో..."

"నోర్ముయ్! మానేస్తానో లేదో నేను చెప్పాలి. నువ్వెవడివిరా నా కళ్ళకు పుట్టీ పెట్టడానికి? రేపు ఆ వెనక ఎవరైనా కూర్చుంటే, మలుపులో ఈ డోరు ఊడితే, అప్పుడు కూడా ఎవరు చూస్తారనే అంటావా?"

 అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది ఆమె చూసింది. ఏడుపు చూస్తే కోపం ఇంకా పెరిగింది.

"ప్లగ్గు పెట్టు."

ఈసారి పెట్టాడు. ఆమె తన గీతను తనే అరగదీసింది. నిప్పురవ్వలు కాళ్ళ మీద పడుతున్నా జరగలేదు. రేకు నున్నగా అయ్యాక, వెల్డింగు చేసే గ్యాసు టార్చి వెలిగించి ఒక జత నల్లద్దాలు అతని మీదకు విసిరింది.

"పెట్టుకుని నా మోచెయ్యి పక్కన నిలబడు. అటో ఇటో చెప్పు. మొహమాటపడ్డావంటే ఈ కడ్డీతో నీ మూతి అతికేస్తా."

"కొంచెం... ఎడమకక్కా."

"గట్టిగా! చెవులు బాగానే ఉన్నాయి."

"ఎడమకి! ఇంకా. అక్కడే. కిందికి లాగు. ఆగు, తప్పింది."

తిట్టుకుంటూ చెడిన జానెడూ అరగదీసి మళ్ళీ మొదలుపెట్టింది. రెండోసారీ తప్పింది. మూడోసారి సందు పూడుకుంది. ఆమె గోరు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు లాగి చూసింది. ఎక్కడా దిగలేదు.

"అక్కా, రేపు ఓసారి కళ్ళ డాక్టరు దగ్గరికి..."

"వెళ్తాను. నువ్వు చెప్పాల్సిన పన్లేదు. అయినా నువ్వూ రా, ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు విని నాకు మళ్ళీ చెప్పు." టార్చి ఆర్పింది. "ముందు ఆ రంగు గీకు."

"ఎక్కడి వరకు?"

"మొత్తం. కింద ఇంకెక్కడా దాచలేదంటే నేను నమ్మను."

పదిరోజులు పూసిన నీలాన్ని పెయింటరు గీకడం మొదలుపెట్టాడు. మంటక్క అవతలి పక్కకు వెళ్ళి రెండో గీకుడుబిళ్ళ అందుకుంది. ఇద్దరి మధ్యా కారు. ఆ పూటంతా ఆమె అతని ముఖం చూడలేదు.