పచ్చసొన

పొట్ట మీద కండల గీతలు తేలాలని పంతం పట్టి, ఒక్కరోజూ మానకుండా జిమ్ముకు వెళ్తున్న రోజులవి. ఒక ఆదివారం మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే బస్సులో డబ్బా తెరిచి, ఉడకబెట్టిన గుడ్లలో తెల్లసొన మాత్రం తిన్నాను. పచ్చసొనలు కాగితంలో చుట్టి కిటికీలోంచి విసరబోతుంటే, పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

“పారెయ్యకు బిడ్డా. మా పిలగాడు గూడ గిట్లనే తెల్లది తిని, పచ్చది నాకు పెడుతుండె.”

“ఇప్పుడు పెట్టడం లేదా?” అన్నాను నవ్వుతూ.

“పోలీసు నౌకరి కోసమని పొద్దుగాల ఉరుకుడు, సాయంత్రం బరువులు ఎత్తుడు. ఒక్కరోజన్న పండుకోరా అంటే ఇనకపాయె. జరమొచ్చినా ఉరికిండు. గ్రౌండ్లనే పడ్డడు. మళ్ల లేవలే.”

ఆమె అరచెయ్యి చాపింది. సొనలన్నీ అందులో పెట్టాను. ఒక్కొక్కటే నెమ్మదిగా తింది. గొంతు పట్టేస్తుందని నీళ్ల సీసా ఇవ్వబోతే వద్దంది.

కోదాడలో దిగుతూ నా భుజం మీద చెయ్యి వేసి, “ఇయాల జర పండుకో బిడ్డా” అంది.

ఇప్పటికీ ఆదివారాలు జిమ్ముకు వెళ్లను. ఎవరైనా అడిగితే, కండరాలకు విశ్రాంతి కావాలి కదా అంటాను.