కర్రకంటిన పచ్చపూత

ఊరంతా తాగే మంచినీళ్ల చెరువు గట్టు మీద ఇరవై రెండేళ్లుగా రోజుకూలీ చేస్తున్న ఆవిడను ఆఫీసులో అందరూ నాచక్క అనేవారు. వెక్కిరింపుగా మొదలైన పేరు, చివరికి హాజరుపట్టీలో కూడా అదే ఎక్కింది. ఆమెకు కోపం రాలేదు. నాచు సంగతి తనకు తెలిసినంతగా అక్కడ కుర్చీలెక్కిన వాళ్లెవరికీ తెలియదని లోలోపల పెద్ద గీర.

గీరకు తగ్గ పనితనం ఉంది మరి. నీళ్లలో కర్ర ముంచి ఎత్తి చూసేది. తడిజుట్టులా వేలాడితే దారపు నాచు, చుట్టి లాగి పారేస్తే సరి. రాళ్ల మీద గోధుమరంగు జిగురు కనిపిస్తే బ్రష్షుతో తోమేది. అది ఫిల్టర్లను పూడ్చేస్తుందే తప్ప మనిషికి హాని చేయదు. కర్రను రంగు డబ్బాలో ముంచినట్టు నీలిపచ్చ పూత పడితే మాత్రం రెండడుగులు వెనక్కి వేసేది. రిటైరైన ల్యాబు పెద్దాయన ఆమెకు చెప్పిన మాట ఒకటుంది: "అది బతికున్నంతకాలం విషాన్ని కడుపులో దాచుకుంటుంది. మందు కొట్టి చంపావో, మొత్తం నీళ్లలోకి కక్కేస్తుంది. కాచినా పోదు."

ఆ ఏడు ఎండలకు కర్ర పచ్చపూతతో పైకి వచ్చింది. నాచక్క ఇంజనీరు దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, రెండు వారాలు వాల్వు కట్టేసి బోర్ల నీళ్లు వదలండి."

"సోమవారం పైనుంచి తనిఖీకి వస్తున్నారు. చెరువు అద్దంలా ఉండాలి. మైలుతుత్తం కొట్టు, నాచంతా చస్తుంది."

"కొడితే ముప్పండీ!"

"నువ్వేమన్నా సైంటిస్టువా? నీ పర్మినెంటు కాగితం నా బల్ల మీదే ఉంది. చించెయ్యమంటావా?"

నాచక్క ఆ కాగితం వైపు చూసింది. ఇంట్లో రెండు కిడ్నీలూ పాడైన తమ్ముడున్నాడు. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో రక్తం కడిగించుకోవాలి. ఆమె ఉద్యోగం పర్మినెంటయితే ఆ వైద్యం ఉచితం. ఊరంతా ఒకవైపు, తమ్ముడొక్కడూ ఒకవైపు. పడవెక్కి, మైలుతుత్తం మూటలను నీళ్లలో వేలాడదీసి చెరువంతా ఈడ్చింది. ఏడుస్తూనే చేసింది గానీ ఒక్క మూటా మిగల్చలేదు.

ఇంటికి వచ్చి కుళాయికి గుడ్డ కట్టేసింది.

"ఒరే, పదిహేను రోజులు కుళాయి నీళ్లు తాగకు. బయట కూడా. ఒట్టెయ్."

"డాక్టరు నాకు రాసిందే రోజుకి రెండు గ్లాసులు. వాటి మీద కూడా కన్నేశావా, రాక్షసీ?" అని నవ్వుతూ ఒట్టేశాడు తమ్ముడు.

ఇరుగుపొరుగుకు మాత్రం చెప్పలేదు. చెబితే ఇంజనీరు చెవిన పడుతుంది. పక్కింటి పాప కుళాయి కింద దోసిలి పట్టి తాగుతుంటే చూసి, తలుపేసుకుంది.

తనిఖీ అయింది. కాగితం చేతికి వచ్చింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి సెలవు పెట్టి తమ్ముడితో పాటు ఆసుపత్రికి వెళ్లింది. ఏడు కుర్చీలు, ఏడు మిషన్లు. గొట్టాల్లో తమ్ముడి రక్తం తిరుగుతోంది. మూడు గంటలు కూర్చున్నాక, ఊసుపోక టెక్నీషియన్ని పలకరించింది.

"బాబూ, రక్తాన్ని దేంతో కడుగుతారు?"

"నీళ్లతోనేనమ్మా. ఒక్కొక్కరికీ నూట ఇరవై లీటర్లు పడతాయి."

"ఏ నీళ్లు?"

"కుళాయివే. పాతదే అయినా ఫిల్టరుంది లెండి. అసలు ఈ వారం ఎంత తేటగా వస్తున్నాయో!"

మిషను కూడా తాగుతుందని ఆమెకు తట్టనే లేదు. కెవ్వుమని లేచి గొట్టాలు పీకబోయింది. టెక్నీషియన్ ఆమె రెక్క పట్టుకుని ఆపాడు.

"పిచ్చి గానీ పట్టిందా అమ్మా? ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది."

కునుకు తీస్తున్న తమ్ముడు ఉలిక్కిపడి లేచాడు. అక్క మొహం చూసి బెదిరిపోయాడు.

"ఒక్క చుక్క కూడా తాగలేదక్కా, ఒట్టు!"

నిజమే, తాగలేదు. ఒళ్లంతా పసుపెక్కి తొమ్మిదో రోజున పోయాడు. అతనికంటే ముందే ఆ గదిలో ముగ్గురు పోయారు.