నాకు వినబడదు, దేవునికే మహిమ

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ ప్రభువు పేరిట వందనాలు. నేను పెబ్బేరు శాంతమ్మ కూతురు సునీతను. ఆరేళ్ళ కిందట గద్వాల స్వస్థత కూటాలలో వేదికెక్కి, నా చెవులు తెరుచుకున్నాయని సాక్ష్యం చెప్పింది నేనే! మీలో చాలామంది ఆ రోజు వ్యాను మాట్లాడుకుని వచ్చారు, నన్ను కౌగిలించుకుని ఏడ్చారు, ఆ ప్రేమ నేను మరిచిపోలేదు. ఈ రోజు ఆ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడానికి మీ ముందు నిలబడ్డాను. నాకు ఆ రోజు వినబడలేదు. ఈ రోజు కూడా వినబడదు. నా గొంతు ఎంత పెద్దదవుతుందో నాకే తెలియదు కాబట్టి ముందు వరుసలో మా అమ్మ కూర్చుంది, నేను అరిస్తే ఆమె అరచెయ్యి కిందికి దించి చూపిస్తుంది, ఆమెను చూసి నవ్వకండి.

అప్పట్లో నేను వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరును. ఎండలో పిల్లలతో పరుగెత్తడం, మెడలో విజిల్, అదే నా లోకం. అలాంటి నాకు టీబీ వచ్చింది, మామూలు మాత్రలకు లొంగలేదు, నెలల తరబడి సూదులు వేశారు, చెవులకు ప్రమాదమని డాక్టరు ముందే చెప్పాడు, ప్రాణం ముఖ్యమని అమ్మ సంతకం పెట్టింది. ప్రాణం నిలిచింది. మొదట టీవీ శబ్దం తగ్గిందనుకుని రిమోటును తిట్టాను, తర్వాత పక్కింటి కోడి, తర్వాత అమ్మ గొంతు, ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, ఆ ఏడాది దేవుని మీద కూడా కోపగించుకున్నాను, బైబిలు తీసి బియ్యం డబ్బా వెనక పెట్టేశాను!

అమ్మ మాత్రం ఉపవాసాలు చేసింది, నన్ను గద్వాలకు తీసుకువెళ్ళింది. దైవసేవకుడు నా రెండు చెవుల మీద అరచేతులు పెట్టి, కన్నీళ్ళతో ప్రార్థించి, చేతులు తీసి ఏదో అడిగాడు. "వినబడుతుందా?" అని. ఆ మాట ఏడాదిగా ప్రతి ఒక్కరి పెదవుల మీద చూసి చూసి నాకు కంఠతా వచ్చేసింది. కింద అమ్మ కొంగు చాచి నిలబడి ఉంది. నేను తల ఊపాను. ఒక్కసారే ఊపాను సహోదరులారా, మైకు నా చేతిలోకి వచ్చేసింది, వందల నోళ్ళు ఒకేసారి తెరుచుకోవడం చూశాను, ఒక్క శబ్దమూ లేదు. ఆ దైవసేవకుడు ఎవరినీ మోసం చెయ్యలేదు, విశ్వాసంతో ప్రార్థించాడు. అబద్ధం నాది.

ఆ సాక్ష్యం విని బడివాళ్ళు నన్ను మళ్ళీ పనిలోకి పిలిచారు. పెదవులు చూస్తూ, మొహాలు చూస్తూ, అర్థం కాని చోట నవ్వుతూ రెండేళ్ళు నెట్టుకొచ్చాను. ఒక సాయంత్రం నేను వాలీబాల్ వల చుడుతుంటే, నా వెనకే లాంగ్‌జంప్ గుంటలో తిమ్మాజిపేట అమ్మాయి ఒకతె పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. "మేడం, మేడం" అని ఏడ్చిందట. పది అడుగుల దూరంలో ఉన్నాను నేను! పిల్లలు వచ్చి నా చెయ్యి పట్టి లాగేదాకా తెలియలేదు, తిరిగి చూస్తే ఏడ్చి ఏడ్చి ఆ బిడ్డ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆ రోజే రాజీనామా ఇచ్చాను, ఒంట్లో బాగాలేదని రాశాను. చూశారా, అక్కడ కూడా నిజం రాయలేదు.

ఇంట్లో కూర్చున్నాను. ఆ తర్వాత ఒకసారి దూడను అమ్మడానికి అమ్మతో పెబ్బేరు సంతకు వెళితే, టీ బండి పక్కన ఏడెనిమిది మంది గుండ్రంగా నిలబడి చేతులతో మాట్లాడుకుంటున్నారు, ఒకరినొకరు కొట్టుకుంటూ నవ్వుతున్నారు. పుట్టు బధిరులు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. ఊళ్ళో వాళ్ళతో ఎవరూ మాట్లాడరు కదా, వారానికొకసారి సంతలో కలుస్తారు, పశువులు కొన్నా కొనకపోయినా వస్తారు, ఎండైనా వానైనా అక్కడే నిలబడతారు. వాళ్ళలో ఉప్పునుంతల జయమ్మ అని డిగ్రీ చదివిన అమ్మాయి నన్నే చూస్తూ వచ్చి, తన చెవి ముట్టుకుని నా వైపు వేలు చూపించింది. నువ్వు కూడానా అని. కాదని తల అడ్డంగా ఊపాను! ఆమె నవ్వింది, నేను మనుషుల పెదవులు చూడడం అప్పటికే చూసేసింది. ఫోను తీసి ఒక ప్రకటన చూపించింది. పట్నంలో ఒక విశ్వవిద్యాలయంలో రెండేళ్ళ పీజీ, బధిరులకు ఆటలు, కాలక్షేపం, విహారం ఏర్పాటు చేసి నడిపించే చదువు. తాను చేరుతున్నానని, నన్నూ చేరమని ఫోనులోనే రాసి చూపించింది.

నా ప్రాణం లేచి వచ్చింది! మైదానం మళ్ళీ దొరుకుతుంది కదా! కానీ ఆ సీటు కావాలంటే చెవులు వినబడవని సర్టిఫికెట్ కావాలి. గద్వాలలో వినబడిన మనిషికి నాగర్‌కర్నూల్‌లో వినబడదని ఎలా రాయించుకోవాలి? నెలంతా తిండి సయించలేదు. చివరి గడువుకు ముందు ఎవరికీ చెప్పకుండా నాగర్‌కర్నూల్ దవాఖానకు వెళ్ళాను.

చిన్న గది, చెవులకు పెట్టే యంత్రం, చేతిలో ఒక మీట. శబ్దం వినబడితే నొక్కాలి. నేను ఏం చేశానో వినండి, దేవుడు నన్ను క్షమించుగాక! సర్టిఫికెట్ కోసం వెళ్ళి కూడా, అలవాటు ప్రకారం, అద్దం అవతల పరీక్ష చేసే అక్క చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కుతూ పోయాను. ఆమె యంత్రం ఆపి, లోపలికి వచ్చి, కాగితం మీద రాసింది: "ఏంది చెల్లె, నేను సౌండ్ పెట్టకముందే నొక్కుతున్నవ్? జర అటు దిక్కు తిరిగి కూసో. ఈడ ఎవ్వరు నిన్ను ఏమనరు."

గోడ వైపు తిరిగి కూర్చున్నాను. చూడడానికి పెదవులు లేవు, చేతులు లేవు, ఉత్త తెల్ల గోడ. అక్కడ ప్రార్థన వచ్చింది నాకు, బియ్యం డబ్బా వెనక బైబిలు పెట్టిన దగ్గర నుంచి మొదటి ప్రార్థన. "ప్రభువా, నాకు వినబడ్తలేదు. గద్వాలల అబద్ధం చెప్పిన. నువ్వు చెయ్యని పని నీ మీద పెట్టిన. నాకు చెవులు ఇయ్యకున్నా మంచిదే నాయనా, ఈ అబద్ధం మొయ్యలేను, దీన్ని తీసెయ్." ఎంతసేపు కూర్చున్నానో, మీట ఒక్కసారి కూడా నొక్కలేదు. లేచేసరికి నా భుజాలు తేలికయ్యాయి! దేవుడు నా చెవులు ముట్టలేదు, నన్ను ముట్టాడు, దేవునికే మహిమ!

ఇంటికి వెళ్ళి సర్టిఫికెట్ అమ్మ ముందు పెట్టాను. అమ్మ నెమ్మదిగా, పెదవులు కనబడేలా అంది: "నాకు తెల్సు బిడ్డా. గద్వాల నుంచి వచ్చిన తెల్లారే నీ ఎనక చెంబు జారవిడిచిన. నువ్వు తిరగలే." నా మొహం చిన్నబోతుందని ఆమె అన్నేళ్ళు అడగలేదు, ఆమె గుండె పగులుతుందని నేను చెప్పలేదు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

చదువులో చేరాను, సైగల భాష నేర్చుకున్నాను. మొదటి ప్రాక్టికల్‌కు బధిరుల వినోద దినం ప్రణాళిక రాయమంటే ఎంతో కష్టపడి రాసి, అందులో అంత్యాక్షరి పెట్టాను! జయమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది, క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. విజిల్ బదులు జెండా పట్టడం, అందరికీ అందరి చేతులు కనబడేలా కుర్చీలు వెయ్యడం, ఆడవాళ్ళు వెనక్కి వెళ్ళే బస్సు చూసి సమయం పెట్టడం, అన్నీ ఒక్కొక్కటే నేర్చుకున్నాను. అన్నిటికంటే ముందు, వాళ్ళకు ఏం కావాలో వాళ్ళనే అడగడం నేర్చుకున్నాను.

ఇప్పుడు చివరి ఆరు నెలలు. ఒక చోట నిజంగా వినోద కేంద్రం తెరిచి నడిపిస్తేనే పట్టా. సంతలోని వాళ్ళను అడిగాను. పోటీలు వద్దన్నారు, కప్పులు వద్దన్నారు. ఒక నీడ, మంచి వెలుతురు, క్యారమ్ బోర్డు, నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు, అంతే. నాకు ఈ హాలు గుర్తొచ్చింది, ఆరాధన అయ్యాక ఆదివారం మధ్యాహ్నమంతా ఖాళీగానే ఉంటుంది కదా! పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన సంతోషంతో, "నీకు తెరిచిన దేవుడు వాళ్ళకు తెరువడా? పెద్ద కూటం పెడదాం బిడ్డా" అన్నారు. అప్పుడు సంచిలోంచి సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చదివారు, కళ్ళద్దాలు తీశారు. తర్వాత కాగితం మీద రాశారు: "ఆదివారం మైకుల చెప్పు బిడ్డా. సంఘం ఒప్పుకుంటే తాళం ఇస్త."

అందుకే నిలబడ్డాను. తాళం ఇంకా నా చేతికి రాలేదు. మీరు ఇవ్వకపోతే చెట్టు కిందైనా నడిపిస్తాను, ఈ పని మాత్రం వదలను, దేవుడు నాకు ఇచ్చిన మైదానం ఇది.

ప్రియులారా, మీలో కూడా మోకాలి నొప్పి తగ్గకుండానే తగ్గిందని చెప్పినవారు, ఇంట్లో శాంతి సమాధానాలు లేకుండానే ఉన్నాయని చెప్పినవారు ఉంటే, భయపడకండి. ఆయన మన అబద్ధం మీద నిలబడే దేవుడు కాడు, నిజం చెప్పి చూడండి, వెళ్ళగొట్టడు. మీ ఇళ్ళల్లో బధిరులుంటే నా దగ్గరికి పంపండి. ఇక్కడికి వచ్చినవారిని వినబడుతుందా అని మాత్రం అడగకండి. ఆడుతావా అని అడగండి, ఆ సైగ నేను మీకు నేర్పిస్తాను.

నన్ను విడిపించిన దేవునికి, నన్ను ఇన్నేళ్ళు మోసిన మా అమ్మకు, ఇంతసేపు విన్న మీకు వందనాలు. ఇప్పుడు మీరు ఆమేన్ అంటే నాకు వినబడదు. ఒప్పుకునేవారు చెయ్యెత్తండి. నేను చూస్తున్నాను.