పెదాలు కదిపితే చాలన్నాను

మొన్న మంగళవారం సునాబెడ నుంచి వస్తుంటే బస్సులో ఫోనొచ్చింది. మా బేస్ మాస్టారు పోయారట. కొరాపుట్‌లోని మా తెలుగు సంఘంలో మగవాళ్ళ పాటల బృందానికి నలభై ఏళ్ళుగా బేస్, అంటే కింది స్వరం, ఆయనొక్కరిదే. పక్కసీటాయన ఏమైందని అడిగితే, "మా మాస్టారు" అని మాత్రం అనగలిగాను. ఆయనకు నేను చేసింది బస్సులో చెప్పుకునేది కాదు. ఇక్కడైనా చెప్పాలి.

ఉద్యోగానికని ఈ కొండల్లోకి వచ్చిన కొత్తలో నన్ను బృందంలో చేర్చింది ఆయనే. నాది గట్టి గొంతు, శ్రుతి మాత్రం దానిష్టం. దారి తప్పినప్పుడల్లా మాస్టారు మోచేత్తో పొడిచేవారు. "నీ గొంతు నువ్వినకురా బాబూ, పక్కోడిది ఇను. ఆడు ఇనపడలేదంటే నువ్వు అరుస్తన్నట్టే" అనేవారు. సాధనకు ముందు అందరికీ తలో శొంఠి పలుకూ పంచేవారు. రాయగడ సభలకు రైల్లో వెళ్తుంటే, సొరంగం రాగానే "ఇప్పుడు పాడండర్రా" అనేవారు. చీకట్లో మొహమాటం ఉండదట.

నాలుగేళ్ళ కిందట బృందం నా చేతికొచ్చింది. పండక్కి వీడియో తీయిస్తున్నాం. మాస్టారి గొంతు అప్పటికే వణుకుతోంది. అందరి ముందూ అనేశాను.

"మాస్టారూ, మీరు పాడకండి. పెదాలు కదిపితే చాలు."

ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, "అలాగే బాబూ. పాట సెడిపోకూడదు గదా" అన్నారు.

ఆ ఒక్కరోజుకే అన్నాను. కానీ తర్వాతి శనివారం కూడా ఆయన వచ్చి, శొంఠి పంచి, తన చోట నిలబడి పెదాలే కదిపారు. చూశాను. "ఇక పాడండి మాస్టారూ" అంటే సరిపోయేది. అనలేదు. పాట శుభ్రంగా వస్తోందని విన్నవాళ్ళంతా నన్ను మెచ్చుకుంటున్నారు, ఆ మెచ్చుకోలు నాకు రుచిగా ఉంది. ఇవాళ రేపని నాలుగేళ్ళు గడిపాను. అన్నం పెట్టిన చేతిని కరవడమంటే ఇదే.

బుధవారం ఆయన వాకిట్లో వరుసగా నిలబడ్డాం. మాలో ఒకరు పోతే మొదటి చరణం ఆ స్వరం ఎవరూ అందుకోకుండా, వరుసలో ఆ చోటు ఖాళీగా వదిలి పాడతాం. పోయినవాడి లోటు నలుగురికీ వినపడాలని పెద్దలు పెట్టిన ఆనవాయితీ. మొదలుపెట్టబోతుంటే మాస్టారి భార్య నన్ను పక్కకు పిలిచారు.

"బాబూ, నువ్వు వద్దన్నాక ఆయన పాట మాన్లేదు. రోజూ పొద్దున్నే పెరట్లో నిలబడి పాడీవోరు. ఇంకా ఎందుకండీ అంటే, 'ఆడు ఏదో రోజు మళ్ళీ పాడమంటాడే. అప్పుడు నా గొంతు రాకపోతే ఆడికి నామోషీ' అనీవోరు. సోమారం కూడా పాడేరు."

తిరిగి వచ్చి వరుసలో నిలబడ్డాను.

మొదటి చరణం బేస్ లేకుండా పాడాం. వచ్చినవాళ్ళు ఎప్పటిలాగే తలలూపుతూ విన్నారు. వాళ్ళకేమీ తక్కువ కాలేదు. నాలుగేళ్ళుగా నేను వాళ్ళకు వినిపిస్తున్న పాట అదే మరి. గుమ్మంలో మాస్టారి భార్య ఒక్కరే, మా వరుసలో ఖాళీగా వదిలిన చోటు వైపు తల వంచి, చెవి పెట్టి వింటున్నారు.