ఎడమ సంకన బరువు

ఎవరికైనా గాలి సోకిందంటే ముందు ఒళ్ళు కాలుతోందేమో చూడండి అనే రకం మనిషిని నేను. పాతపట్నంలో మా వీధిలో వేపమండలతో దిష్టి తీయించుకున్నవాళ్ళూ, తాయెత్తులు కట్టించుకున్నవాళ్ళూ చాలామందే ఉన్నారు. నేను ఏనాడూ అటువైపు పోలేదు. మా ఆయన పోయినప్పుడు ఆ గదిలో ఒంటరిగా పడుకోవద్దని చుట్టాలు చెబితే నవ్వి ఊరుకున్నాను. పోయినవాళ్ళు తిరిగొచ్చేదే ఉంటే ఆయన కాఫీ కోసమైనా వచ్చి ఉండేవాడు.

అందుకే ఇది నన్ను నమ్మమని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి కాబట్టి రాయడం నిదానం. తప్పులుంటే మన్నించండి.

నా రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. శ్రీకాకుళం డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, ఆపరేషన్ చేయొచ్చు కానీ ఇంత బరువు మీద చేయను, తగ్గి రండి అన్నారు. అప్పుడు నేను తొంభై ఒక్క కిలోలు. షుగరు కూడా ఉంది కాబట్టి, వారానికొకసారి పొట్టకు పొడుచుకునే కొత్త సూదిమందు రాశారు. చూడ్డానికి పెన్నులా ఉంటుంది. ఆకలిని తగ్గిస్తుందట. కొన్ని నెలలు చూద్దాం, బరువు దిగకపోతే ఈ మందు మీకు పడనట్టే, ఆపేద్దాం అన్నారు. మందు ఆగితే ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేకపోతే మిగిలిన బతుకు మంచం మీదే.

మా అబ్బాయి భోగాపురంలో విమానాశ్రయం పనుల్లో ఉంటాడు, సెలవు దొరికితేనే వస్తాడు. ఇంట్లో ఉండేది నేనూ, కోడలు సుజాతా. సుజాత అంగన్‌వాడీ టీచరు. నెలనెలా పిల్లల్ని తూచి చార్టులో చుక్కలు పెట్టి గీత కలపడం ఆమె పని. నా సూదిమందు లెక్క కూడా అలాగే మొదలుపెట్టింది.

ముందు వారం కుదరాలి. మంగళవారం నేను ఒప్పుకోలేదు. శుక్రవారం అసలే వద్దన్నాను. శనివారం ఒంటిపూట భోజనం.

"అయితే బుధారం. బుధారానికి నీకేటీ అడ్డు లేదు కదత్తా?"

"బుధారం నువ్వు కోడికూర వొండుతావు కదే."

"వొండుతాను. నువ్వు తినవు, అంతే."

అలా బుధవారం ఖాయమైంది. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి గళ్ళు గీసి ఫ్రిజ్ పక్కన అంటించింది. ఒక గడిలో మందు మోతాదు, ఒక గడిలో ఎక్కడ పొడిచామన్నది. ఒక వారం పొట్టకు ఎడమ, మరో వారం కుడి, తర్వాత తొడ. అదే చోట మళ్ళీ మళ్ళీ పొడవకూడదట. వాంతి వచ్చినా, కళ్ళు తిరిగినా ఇంకో గడి. చివరిది బరువు. పొద్దున్నే, నోట్లో చుక్క నీళ్ళు పడకముందు, ప్రతిసారీ అదే పాత నూలు చీరతో, వంటింటి గడప దగ్గర అదే బండ మీద మిషను పెట్టి చూసుకోవాలి. అంకె మాత్రం నేనే రాస్తానని పట్టుబట్టాను.

"మా పిల్లల చార్టులో గీత పైకెల్తే పండగ. నీ చార్టులో కిందకి దిగితే పండగ," అంది సుజాత.

దిగింది కూడా. మొదట్లో కడుపులో తిప్పేది, కూర పోపు వాసనకే లేచి వెళ్ళిపోయేదాన్ని. తర్వాత సర్దుకుంది. అన్నం నాలుగు ముద్దలకే చాలనిపించేది. తొంభై ఒకటి ఎనభై తొమ్మిదైంది, ఎనభై ఏడైంది. చీర కుచ్చిళ్ళు ఎక్కువ వస్తున్నాయి. ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ తుంటి ఎముక చేతికి తగిలింది. ఎన్నేళ్ళయిందో ఆ ఎముక తగిలి. తెలిసిన మనిషి ఎదురైనట్టు అక్కడే చెయ్యి పెట్టుకుని కాసేపు ఉండిపోయాను.

ఆ తర్వాతి బుధవారం మిషను తొంభై నాలుగు చూపించింది.

సుజాత వచ్చి చూసి, "ఓలమ్మా! రాతిరి నాకు తెలీకండా ఏటి తిన్నావు, బస్తాడు బియ్యమా?" అంది. దిగి మళ్ళీ ఎక్కాను. అంతే. బ్యాటరీ మార్చింది. అంతే. వచ్చే వారమూ దాదాపు అంతే. మధ్యలో ఒక రోజు ఎనభై అయిదు చూపించింది, మర్నాడు మళ్ళీ పైకి. నాకు అంకెలు ఆలస్యంగా వచ్చాయి కదా, తిరగేసి చదువుతున్నానేమోనని సుజాతకు అనుమానం. పక్కన నిలబడి తనే చదవడం మొదలుపెట్టింది. చదివినా అంకె మారలేదు. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళే రోజు దగ్గర పడుతోంది. చార్టులో గీత పైకి పోతోంది. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం మానేసింది.

మిషను పాడైందని తేల్చుకుని, చింతపండు, జీడిపిక్కలు కొనే సావుకారు కొట్టుకు వెళ్ళాం. బస్తాలు తూచే పెద్ద కాటా ఉంది అక్కడ. ఆయన బస్తాల అవతల కూర్చుని ఎర్ర అంకెల వంక చూస్తున్నాడు. నేను సుజాత భుజం పట్టుకుని ఎక్కి, చెయ్యి తీసేసి నిలబడ్డాను. అక్కడా తొంభై మూడున్నరే.

సావుకారు విసుక్కున్నాడు. "అప్పా, సంకన గుంటని దించీసి ఎక్కు. ఇద్దరూ ఎక్కీసినారంటే నీ తూకమెలాగ తెలుస్తాది?"

"ఏ గుంట, బాబాయ్?" అంది సుజాత.

ఆయన లేచి, బస్తాల మీంచి తొంగి చూశాడు. నన్ను చూశాడు, నా చుట్టూ చూశాడు. "ఏటో, సంకన ఉన్నట్టు అగుపించినాది. కళ్ళు మందగించేసినాయమ్మా," అని నవ్వి కూర్చున్నాడు. మేం ఏమీ చెప్పకముందే ఆయన అన్నమాట అది. దీనికి సాక్ష్యం సుజాతే.

అప్పుడు చూసుకున్నాను నా ఒళ్ళు. ఎడమ తుంటి పక్కకు తోసి, ఎడమ చెయ్యి వంచి పెట్టుకుని నిలబడి ఉన్నాను. సంకన బిడ్డ ఉన్నదానిలా.

ఇంటికి రాగానే సుజాత మిషను గడప దగ్గర పెట్టింది.

"ఎక్కత్తా. సెయ్యి అలాగే ఉంచు."

తొంభై మూడున్నర.

"ఇప్పుడు సెయ్యి ఒగ్గేయ్. రెండు సేతులూ కిందకి."

ఎనభై అయిదు.

ఇది అంగన్‌వాడీలో వాళ్ళు చేసే పద్ధతే. చంటిపిల్లలు మిషను మీద కుదురుగా ఉండరు. అందుకని తల్లి బిడ్డను ఎత్తుకుంటే ఒకసారి, ఒక్కతే నిలబడితే ఒకసారి తూస్తారు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే బిడ్డ బరువు వస్తుంది. సుజాత మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ దించింది. ఎన్నిసార్లు చేసినా తీసివేతలో అదే వచ్చింది. ఎనిమిదిన్నర కిలోలు.

చెయ్యి వంచినంత మాత్రాన మనిషి బరువు పెరగదని చదువుకోని నాకు కూడా తెలుసు.

సుజాత నేల మీద కూర్చుండిపోయింది. ఆమెకు పిల్లల బరువులు కంఠతా వచ్చు. "ఇది పది నెల్ల గుంట బరువత్తా. తిండి సాలని గుంటయితే రెండేళ్ళకి," అంది. తర్వాత మెల్లగా అడిగింది. "ఎవలత్తా?"

"నా సెల్లి," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చి ఎన్ని దశాబ్దాలైందో.

దాని పేరు చిట్టి. అమ్మ ఊడ్పులకూ కోతలకూ పోతే చిట్టి నా సంకన ఉండేది. నేను బడికి పోకపోవడానికి కారణం అదే. మా ఊళ్ళో ఆడపిల్లలందరికీ అంతే కాబట్టి ఎవరూ అదొక లోటనుకోలేదు. నీళ్ళకు వెళ్ళినా, కళ్ళాపి చల్లినా, ఆడుకున్నా అది సంకనే. దాని మడమ నా తొడకు కొట్టుకుంటూ ఉండేది. నిద్ర వస్తే నా చెవి తమ్మె పట్టుకునేది. మాటలు ఎక్కువ రాలేదు. అక్కనని నన్ను "అప్పా" అనడం వచ్చు. ఒక ఎండాకాలం ఊరంతా తట్టు పోసింది. మా ఇంట్లో ఇద్దరికీ పోసింది. నేను లేచాను, అది లేవలేదు.

ఫొటో లేదు. ఏ కాగితంలోనూ దాని పేరు లేదు. అమ్మా, అయ్యా పోయాక ఆ పిల్ల ఈ భూమ్మీద ఉండేదని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. మా ఆయనకు కూడా చెప్పలేదు. ప్రతి ఇంట్లోనూ ఒకరో ఇద్దరో అలా పోయినవాళ్ళే, ఏమని చెప్పను? దాని ముఖం నాకు ఎప్పుడో చెదిరిపోయింది. ఎంత గుర్తు తెచ్చుకున్నా రాదు. బరువు మాత్రం తుంటి మరిచిపోలేదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్తే నవ్వుతారు. సుజాత సెంటరుకు వెళ్ళగానే మిషను తీసి ఎక్కేదాన్ని. చెయ్యి వంచి నిలబడేదాన్ని. కళ్ళకు ఏమీ కనబడలేదు, చెవికి ఏమీ వినబడలేదు. చల్లటి గాలి వీచలేదు, కుక్క మొరగలేదు. అంకె ఒక్కటే పెరిగేది. మోకాళ్ళు సలిపినా దిగాలనిపించేది కాదు. నా ఒంట్లోంచి బరువు వారం వారం పోతూనే ఉంది. ఆ ఎనిమిదిన్నర మాత్రం పెరగలేదు, తగ్గలేదు.

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళే రోజు వచ్చింది. శ్రీకాకుళం బస్సులో సుజాత ఒక్క మాటే అంది. "అక్కడ సెయ్యి వొంచితే మందు ఆపేస్తారత్తా. నీ ఇష్టం."

తూకం దగ్గర నర్సమ్మ, "నిటారుగా నిలబడండమ్మా, చేతులు వదిలేయండి," అంది. నా చెయ్యి అప్పటికే వంగి ఉంది. అంకె తొంభైకి దగ్గరలో ఊగుతోంది. సుజాత నా వంక చూడకుండా గోడ వంక చూస్తోంది. ఇంకెన్నాళ్ళు ఈ మోకాళ్ళతో? చిన్నప్పుడు నూతి దగ్గర నీళ్ళు తోడాల్సి వస్తే చిట్టిని గట్టు మీద దించేదాన్ని. అప్పుడు అన్నట్టే లోపల అనుకున్నాను. ఒక్క నిమిషమే, దిగమ్మా.

చెయ్యి వదిలేశాను.

ఎనభై ఒకటి. నర్సమ్మ రాసుకుంది. డాక్టరు గారు మా చార్టు చూసి మెచ్చుకున్నారు. మధ్యలో ఆ పైకెళ్ళిన చుక్కలేమిటని అడిగారు. మిషను తేడా అయ్యుంటుందని సుజాత అంది. ఆయన సరే అన్నారు. మందు కొనసాగించమన్నారు, ఇలాగే దిగితే త్వరలో ఆపరేషన్ తేదీ ఇస్తామన్నారు.

బయటికి రాగానే చెయ్యి వంచాను. సంకన ఏమీ లేదని మిషను అవసరం లేకుండానే తెలిసిపోయింది.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. నాకు సీటు దొరికింది. నిలబడ్డ అమ్మాయి ఒకతె, "మామ్మా, ఈణ్ణి కూసింత పట్టుకోవా," అని చంటివాణ్ణి నా ఒళ్ళో పెట్టింది. వాడు వేడిగా, చెమటగా, బరువుగా ఉన్నాడు. నా ఒళ్ళో చొంగ కార్చుకుంటూ నిద్రపోయాడు. వాళ్ళు దిగే ఊరొచ్చాక అందించేశాను. కాళ్ళ మీద వాడి వేడి చాలాసేపు ఉంది. ఎడమ వైపు మాత్రం ఏమీ లేదు.

ఇంటికి చేరి, కాళ్ళు కూడా కడుక్కోకుండా మిషను ఎక్కాను. చెయ్యి వంచితే ఎనభై ఒకటి. వదిలితే ఎనభై ఒకటి.

ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. కర్ర లేకుండా వీధి చివరి దాకా వెళ్తున్నాను. సూదిమందు ఇప్పుడు తక్కువ మోతాదులో సాగుతోంది. మా అబ్బాయికి చెబితే మిషను తప్పన్నాడు. మరి సావుకారు కాటా కూడా తప్పేనా? ఎనిమిదిన్నర దగ్గరే ఎందుకు ఆగింది? ఒక్క నిమిషమనే కదా దించాను, మళ్ళీ ఎందుకు ఎక్కలేదు?

మొన్న బుధవారం సూది పొడుచుకుని, బరువు చూసుకుని, అంకె రాసి మిషను పక్కకు జరపబోయాను. సుజాత నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకోపాలి ఎక్కత్తా," అంది. "సెయ్యి వొంచి."

ఎక్కాను. ఇద్దరం ఒంగి చూశాం. ఆమె మనసులో తీసివేత చేసుకుంటోందని పెదాలను బట్టి తెలుస్తోంది. సున్నాయే వచ్చింది. తలెత్తి, నా చెయ్యి అలాగే పట్టుకుని నిలబడింది. నేనూ దిగలేదు.