నాలుగంకె దగ్గర మరక

పాత వాచీ ఏది చేతికొచ్చినా ఆయన ముందు బోర్లా తిప్పుతాడు. వెనక మూత మీద బొటనవేలు రాస్తాడు. ఎవరి చర్మానికో ఏళ్ల తరబడి ఒరుసుకుని నునుపెక్కిన చోటు అది. టైమెంతో తర్వాత చూస్తాడు, చూస్తే.

ఏడంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడపడం ఆయన ఉద్యోగం. రోజంతా స్టూలు మీద కూర్చునేవాడికి మనుషుల ముఖాలకంటే చేతులే ఎక్కువ కనిపిస్తాయి. అందరూ వాచీల బాబాయ్ అంటారు. ఇంట్లో చెక్కపెట్టెలో నలభై దాకా ఉన్నాయి, అన్నీ కీ ఇచ్చేవే. ప్రతి పట్టీకీ ఒక్క రంధ్రమే సాగి ఉంటుంది. దాన్నిబట్టి కట్టుకున్నది సన్నటి చెయ్యో, లావు చెయ్యో చెప్పగలడు. ముక్కూమొహం తెలియని మనిషి గురించి ఆ మాత్రం తెలియడం ఆయనకిష్టం.

మొదలుపెట్టింది మాత్రం ఒక్కదాని కోసం. పదకొండేళ్ల కిందట ఆస్పత్రిలో, ఆఖరి రోజున, నర్సు ఆయన భార్య చేతి వాచీ తీసి పక్కన పెట్టింది. ఆ పక్కన ఎక్కడో మళ్లీ ఎవరూ చెప్పలేకపోయారు. ఒకసారి వానలో తడిసి, నీళ్లు లోపలికి పోయి, నాలుగంకె దగ్గర గోధుమరంగు మరక పడిన వాచీ. ఆ రకం వేలమంది కట్టుకున్నారు. ఆ మరక ఒక్కదానికే.

మొన్నీమధ్య పాతసామాన్ల బండి మీద కనబడింది. నాలుగు దగ్గర మరక. ఆగిపోయి ఉంది. అదేననుకున్నాడు. కాదేమోననీ అనుకున్నాడు. పదకొండేళ్లు వెతికిన కంటిని నమ్మకూడదు. కూతురు చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని, అద్దం మీదనుంచే ఆ మరకను గోటితో గీకుతుండేది. ఆదివారం వస్తుంది. తనైతే చెబుతుంది.

తను వచ్చేసరికి అది నడుస్తుంటే బాగుంటుందని వాచీ మెకానిక్‌కిచ్చాడు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ల స్నేహం.

"లోపల శుభ్రం చేసి నూనె వెయ్యి. అమ్మాయికి చూపించాలి."

మరక సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతాడని.

శనివారం మెకానిక్ దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

"ముసలమ్మనిచ్చావు, పెళ్లికూతుర్ని పట్టుకుపో బావా!"

డయలు గీకించి కొత్త రంగు వేయించాడు. అంకెలు నల్లగా మెరుస్తున్నాయి. వెనక మూతకి మెరుగు పెట్టించాడు.

"నేనడిగానా?"

"అడిగితే చేసేదేముంది? అమ్మాయికిచ్చేది మరకతో ఇస్తావా, పిసినారీ? ఇది నా తరఫున."

మూత మీద బొటనవేలు జారిపోయింది. "బాగుంది," అన్నాడు.

ఆదివారం కూతురు వాచీని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మదానికి మరకుండేది కదా నాన్నా."

"దీనికీ ఉండేది."

"ఉంటే ఏదీ?"

జరిగింది చెప్పాడు. ఆమె అంతా విన్నది.

"కోపం తెచ్చుకోకు నాన్నా. ఇంతకుముందు కూడా రెండుసార్లు అమ్మదే దొరికిందన్నావు."

"ఇది వేరు."

"సరే, ఇదే అనుకుందాంలే," అంది, పసిపిల్లవాడికి చెప్పినట్టు.

మర్నాడు పొద్దున పనికి వెళుతూ మెకానిక్ కొట్టు దగ్గర ఆగాడు.

"ఏమంది మా మేనకోడలు?"

"మురిసిపోయింది."

"చూశావా! మిగతావీ పట్రా. అన్నిటికీ ముఖాలు కడిగేద్దాం."

"తెస్తాలే," అని, అతను తెప్పించిన టీ సగంలో వదిలేసి, పనికి వెళ్లిపోయాడు.