శిఖరానికి కాస్త కింద

నాచారంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను చాలా ఏళ్లు సోషల్ టీచర్‌గా పనిచేశాను. పైకి వెళ్లేకొద్దీ చల్లదనం పెరుగుతుందని, గాలి పలచబడుతుందని, పర్వతానికి ఒక పక్క వాన కురిస్తే రెండో పక్క పొడిగా ఉండొచ్చని ప్రతి ఏడూ పాఠం చెప్పేదాన్ని. నేను పుట్టింది తెనాలి దగ్గర, కనుచూపు మేర వరిచేలే. పెళ్లయి ఉప్పల్ వచ్చాక కూడా నేనెక్కిన పెద్ద ఎత్తంటే భువనగిరి కోటే. మంచు ఎలా ఉంటుందని పిల్లలు అడిగితే, ఫ్రిజ్‌లో పై అరలో పేరుకుంటుందే, అలాగే అని చెప్పి తప్పించుకునేదాన్ని.

ఆ కోట చూపించింది మా లెక్కల టీచరు. ఆమె సొంతూరు అటువైపే. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. స్టాఫ్‌రూమ్‌లో ఆమెది ఒక మాట, నాది ఇంకో మాట. ఒకసారి గట్టిగానే వాదించుకుని కొన్నాళ్లు ముభావంగా ఉన్నాం. అయినా సాయంత్రం ఇద్దరం ఒకే షేర్ ఆటోలో ఉప్పల్ దాకా వెళ్లాల్సిందే. అలా కూర్చుని కూర్చుని ఆ ముభావమూ పోయింది.

ఆమె తమ్ముడు పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ప్రతి ఎండాకాలం స్నేహితులతో కలిసి హిమాలయాల్లో ఏదో ఒక కొండ ఎక్కేవాడు. ఆ ఏడు బృందంలో ఇద్దరు తప్పుకున్నారు. "అక్కా, రెండు జాగలున్నయంట. పోదమా?" అని ఆమె అడిగినప్పుడు నవ్వేశాను. ఇంట్లో చెబితే మా ఆయన నవ్వలేదు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నావు, ఒకసారి చూసి రా అన్నారు.

బోడుప్పల్‌లో లెక్కల టీచరు బంధువులు అపార్ట్‌మెంట్ కట్టిస్తున్నారు. కొండ ఎక్కడానికి సాధనగా ఇద్దరం రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్లి, వీపున నీళ్ల సీసాల సంచి వేసుకుని, రెయిలింగ్ కూడా లేని ఆ మెట్లు ఎక్కి దిగేవాళ్లం. తాపీ మేస్త్రీలు పని ఆపి మరీ చూసేవారు.

కొండ దగ్గర నా పాఠం మొత్తం కాళ్ల కింద మొదలైంది. కింద దట్టమైన అడవి, చెట్ల నిండా ఎర్రటి పూలు. ఎక్కేకొద్దీ చెట్లు పొట్టివయ్యాయి, ఒకచోట పూర్తిగా ఆగిపోయాయి. ఆ పైన గడ్డి, గడ్డి పైన రాళ్లు. ఎండ తగలని పక్క పాత మంచు మురికిగా పడి ఉంది. పొద్దున ఆకాశం కడిగినట్టు ఉండేది. మధ్యాహ్నానికి లోయలోంచి మబ్బు లేచి మమ్మల్ని కప్పేసి వడగళ్లు కురిపించేది. ఎండలో చెంపలు కాలేవి, నీడలోకి వెళితే పళ్లు కొట్టుకునేవి. పప్పు ఎంతసేపటికీ ఉడకలేదు. నీళ్లు అక్కడ తక్కువ వేడికే మరుగుతాయని నాకు తెలుసు. కానీ ఆ పలుకు పప్పు నమిలినప్పుడు కలిగిన సంతోషం వేరు.

శిఖరం ఎక్కాల్సిన ఉదయం నాకు తల పగిలిపోతున్నట్టు నొప్పి. రెండుసార్లు వాంతి అయింది. పైకొస కళ్లముందే ఉంది, ఇంకో గంట నడక. గైడ్ నన్ను చూసి, ఇది ఎత్తు వల్ల వచ్చే జబ్బు, వెంటనే దిగాలి అన్నాడు. తన సహాయకుణ్ణి నాకు తోడిచ్చి దింపిస్తానని, మిగతావాళ్లు ఎక్కవచ్చని చెప్పాడు. నేనూ లెక్కల టీచరును వెళ్లమన్నాను. ఇంత దూరం వచ్చి నా కోసం ఆగొద్దని బతిమాలాను.

ఆమె ఒకసారి పైకి చూసింది. తమ్ముణ్ణి పొమ్మని చెప్పి నా సంచి తన భుజాన వేసుకుంది.

"నువ్విట్ల వణుకుతుంటే నేను పైకి పోయి ఏం సూస్త అక్కా? నడువు, జర మెల్లగ దిగుదం."

దిగుతున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. చెట్లు మళ్లీ కనబడేసరికి నొప్పి సగానికి తగ్గింది. మధ్యాహ్నానికి మామూలుగా ఊపిరి ఆడుతోంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆమె టీ తెచ్చి చేతికిచ్చింది.

మరుసటి ఎండాకాలం ఆమెను పంపించే పూచీ నాది అన్నాను. ఈసారి ఇంట్లో ట్యూషన్ పిల్లలున్నారు, ఆపడం కుదరదంది. ఆ ట్యూషన్ నేను చూసుకుంటానంటే పకపకా నవ్వింది. నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయం. అయినా ఆమె వెళ్లింది. నేను రోజూ సాయంత్రం వాళ్లింట్లో కూర్చుని పదో తరగతిలోకి వచ్చే పిల్లలతో త్రికోణమితి కుస్తీ పట్టాను. ఒక్కోసారి వాళ్లే నాకు చెప్పారు. పిల్లలతో కలిసి నేర్చుకోవడంలో ఇంత హాయి ఉందని ఆ వయసులో తెలిసింది.

అప్పటికి రాష్ట్రం రావడం ఖాయమైపోయింది. ఉప్పల్ చౌరస్తా గులాబీ జెండాలతో నిండి ఉంది. ఒక సాయంత్రం ట్యూషన్ మధ్యలో ఫోన్ మోగింది. ఆమే, కొండ దిగి ఊళ్లోకి వచ్చి చేసింది.

"ఎక్కిన అక్కా," అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: ఉత్తరాన వరుసగా మంచుకొండలు, కింద మబ్బులు, నిలబడనివ్వని గాలి. "ఎనక నుంచి సూర్యుడు వచ్చిండు. మేం నిలబడ్డ కొండ నీడ అవతల మబ్బుల మీద త్రికోణం లెక్క పడ్డది. నువ్వుంటే మస్తు సంతోషపడేదానివి."

పిల్లలు నన్నే చూస్తున్నారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాను.